కడబూర మోగిందనుకున్న రోజు

పోయిన నెలలో జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కోసం కూర్చున్నాను. ఎదురుగా రోడ్డు మీద ఒక ఆటో నెమ్మదిగా పోతోంది. దాని మీద మైకు కట్టారు. మైకులో ఒక మగగొంతు గట్టిగా అడుగుతోంది: “రాకడ సమీపించింది. నువ్వు సిద్ధంగా ఉన్నావా?” నా పక్కన కూర్చున్నావిడ జామకాయ కొరుకుతూనే ఉంది. ఎవరూ తలెత్తి చూడలేదు. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే నుదుటి మీదికి పోయి, లేని బొట్టును తుడవబోయింది. తల సగం నెరిసింది. ఆ చెయ్యికి మాత్రం ఇంకా పదేళ్లే.

ఆ పదేళ్ల వయసులో మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం. మా వాడలో దాదాపు ప్రతి ఇంటి ముందుగదిలో కరెంటు మగ్గాలు నడిచేవి. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి మేము మామూలుగా మాట్లాడినా బయటివాళ్లకు అరిచినట్టుండేది. రుద్రంగి నుంచి మా మేనత్త వచ్చినప్పుడల్లా చెవులు మూసుకుని, “మీరు మాట్లాడ్తున్నరా, కొట్లాడ్తున్నరా?” అని అడిగేది. ముందుగదిలో మగ్గాల నూనె వాసన, నూలుకు పట్టించిన గంజి వాసన. లోపలికి వస్తే తునికాకు, తంబాకు వాసన. అమ్మ, అవ్వ ఎదురెదురుగా కూర్చుని ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. బాపు ఆమెను అవ్వా అని పిలిచేవాడు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. వాడంతా ఆమెను అట్లాగే పిలిచేది.

బాపు బొంబాయి పక్కన భివండిలో మగ్గం పనికి పోయి చాలాకాలం ఉండి వచ్చాడు. అంతకుముందు అక్కడి నుంచి వచ్చినప్పుడల్లా నాకు గాజులో, రిబ్బన్లో తెచ్చేవాడు. ఆసారి నల్లట్ట బైబిలు తెచ్చాడు. తెల్ల అంగీ వేసుకున్నాడు. గడపలో నిలబడి, “నేను రక్షణ పొందిన,” అన్నాడు. అవ్వకు అర్థం కాలేదు. “ఏం గండం గడిచింది బిడ్డా? బండి కింద గిట్ల పడ్డవా?” అని ఒళ్లంతా తడిమి చూసింది.

వారం తిరగకుండానే గోడల మీది పటాలు దిగిపోయాయి. అవ్వ కొడుకుతో గొడవ పడలేదు. తన వేములవాడ రాజన్న పటం చంకలో పెట్టుకుని వెనక పంచ మూలకు పోయి, అక్కడే మంచం వేసుకుంది. అమ్మ నుదుటి బొట్టు పోయింది. మెట్టెలు పోయాయి. ఆఖరికి మెడలో పుస్తెలతాడు కూడా తీయించాడు. అవ్వ ఆ బోసిమెడను చూసి, “నా కొడుకు గుండ్రాయోలె ఎదురుంగ నిలవడ్డడు. నీ మెడ గిట్లెందుకున్నదే బిడ్డా?” అని ఏడ్చింది. బీడీ కార్ఖానాకు పోతే కొత్తగా చేరిన ఒకామె అమ్మను చూసి, “మీ ఆయిన ఎట్ల పోయిండు పాపం?” అని అడిగిందట. అమ్మ ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. చెప్పి, పెరట్లోకి పోయి చాలాసేపటి దాకా రాలేదు.

మా ప్రార్థన మందిరం మానేరు వాగు వైపు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు. పాస్టరయ్య కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఆయన మాట మాకు సగమే తెలిసేది. వచ్చినవాళ్లంతా మగ్గాల మీద పని చేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లే. తంబాకు సైతాను ధూపమని ఆయన ఒక ఆదివారం ఉగ్రంగా చెప్పాడు. చెప్పి కిందికి చూస్తే, చాప మీద కూర్చున్న ఆడవాళ్లందరి వేళ్ల చివర్లు తంబాకు పట్టి గోధుమరంగులో ఉన్నాయి. కాసేపు దగ్గి, “పీల్చడం పాపం. చుట్టడం గురించి ప్రభువు ఏమీ అనలేదు,” అన్నాడు. ఆడవాళ్లందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

ఆదివారాల్లో సాక్ష్యాలు చెప్పేవాళ్లు. రక్షణకు ముందు తాము ఎంత పాడుబతుకు బతికారో నిలబడి చెప్పుకోవాలి. బాపు మంచివాడు. ఎప్పుడో పండుగనాడు ఇంత కల్లు తాగిన మనిషి, అంతే. కానీ అక్కడ పెద్దపెద్ద సాక్ష్యాలు చెప్పేవాళ్ల మధ్య అది చాలేది కాదు. మొదటిసారి “అప్పుడప్పుడు తాగేవాన్ని” అన్నాడు. నెల తిరిగేసరికి సాక్ష్యంలో రోజూ తాగాడు. ఇంకొన్నాళ్లకు సంసారాన్ని వీధిపాలు చేశాడు. ఒక ఆదివారం అవ్వ ఇంటి తాళంచెవి ఇవ్వడానికి వచ్చి షెడ్డు బయట నిలబడి ఉంది. అదే సమయంలో బాపు కళ్లు మూసుకుని, తాగొచ్చి కన్నతల్లిని కొట్టానని చెబుతున్నాడు.

“అబద్ధం!” అని అవ్వ గుమ్మంలోంచి ఒక్క కేక వేసింది. “ఓ పాస్టరూ, నా కొడుకు నన్ను ఒక్కనాడు ఏలుతోని ముట్టలే. నీ దేవునికాడ గిట్ల అబద్ధాలెందుకు ఆడిపిస్తున్నవు? గంత తాగుబోతు ఎన్నడైండు వీడు?”

ఎవరో కిసుక్కున నవ్వారు. బాపు చెవులు ఎర్రబడ్డాయి. ఆరోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. అవ్వ ఆ మూల నుంచి, “తిను బిడ్డా, అచ్చే ఆదివారం నేనే చెప్త, కొట్టిండని,” అంది. అప్పుడు కూడా బాపు నవ్వలేదు. భివండి నుంచి వచ్చాక బాపు నవ్వడం నేను చూడలేదు.

నన్ను పట్టుకున్న భయం పేరు రాకడ, అంటే యేసయ్య తిరిగొచ్చి తనవాళ్లను ఆకాశంలోకి తీసుకుపోయే రోజు. పాస్టరయ్య ఒక పెద్ద గుడ్డ మీద గీయించిన బొమ్మ గోడకు తగిలించాడు. అందులో తెల్లబట్టల మనుషులు పొలాల్లోంచి, మిద్దెల మీంచి ఆకాశంలోకి లేచిపోతుంటారు. “ఏ క్షణమైనా కడబూర మోగుతుంది,” అనేవాడు. “చెప్పులు గడప ముందే ఉంటాయి. పొయ్యి మీద కూర ఉడుకుతూనే ఉంటుంది. మనిషి మాత్రం ఉండడు. పాపి ఒక్కడూ మిగిలిపోతాడు.” ఒకసారి వెనక వరసలోంచి ఒక ముసలామె లేచి, “అయ్యా, చాట ఒళ్లె ఉండంగ బూర ఊదితే ఎట్ల? చాటతోనే పోవాల్నా, దించి పోవాల్నా? ఆకు కార్ఖానోళ్లది గద,” అని అడిగింది. పాస్టరయ్య ఆలోచించి, దించే సమయం ఉండదని చెప్పాడు. ఆమె బాధపడుతూ కూర్చుంది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మనాడు బాపు తలుపు గడియ పెట్టి బైబిలు చదువుతూ కూర్చున్నాడు. బయట వాడ ఆడవాళ్లందరి పాట. అంతకుముందు ఏడు దాకా ఆ పాట ఎత్తుకునేది అమ్మే. అమ్మ పాడితేనే అందరూ వెనక అందుకునేవాళ్లు. ఇప్పుడు అమ్మ తలవంచుకుని బీడీలు చుడుతోంది. చప్పట్లు పడే చోటల్లా ఆమె కాలి బొటనవేలు నేల మీద ఆడుతోంది. బాపు కూడా అది చూశాడు. చూసి పేజీ తిప్పాడు.

మరుసటి రోజు అవ్వ నన్ను వెనక్కి పిలిచి, కొంగులోంచి మలీద ముద్ద తీసి చేతిలో పెట్టింది. రొట్టెను నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చేసిన ముద్ద. విగ్రహాలకు పెట్టినది తినకూడదని నాకు కంఠతా వచ్చు. “దేవునికి పెట్టినవా అవ్వా?” అని అడిగాను. “దేవుడు వాసన చూసి ఇడిచిండు. తినేది నువ్వే,” అంది. నీళ్ల గోలెం వెనక కూర్చుని తిన్నాను. అంత రుచిగల పాపం మళ్లీ చేయలేదు. తిన్న మరుక్షణం నుంచి ఆకాశం వైపు చూడాలంటే భయం పట్టుకుంది.

దసరా సెలవులయ్యాయి, బడి తెరిచారు. ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ వాడ మలుపు తిరిగాను. ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది, మగ్గాల చప్పుడు లేదు. కరెంటు పోయిందా అంటే, వీధి కొసన పిండిగిర్ని నడుస్తూనే ఉంది. మా ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప ముందు బాపు చెప్పులు, అమ్మ చెప్పులు. లోపల పొయ్యి మీద పప్పు కుతకుత ఉడుకుతోంది. అమ్మ చాట నేల మీద పడి ఉంది. సగం చుట్టిన బీడీ ఒకటి ఆకు విచ్చుకుని పక్కన పడి ఉంది.

“అమ్మా!” అన్నాను. ఎవరూ పలకలేదు. వెనక పంచలో అవ్వ మంచం కూడా ఖాళీగానే ఉంది.

పక్కింట్లో ఎవరూ లేరు. ఎదురింటి మగ్గాల ఆసామి, రోజూ సాయంత్రం తాగేవాడు, ఆయనా లేడు. మూలమీద కుట్టుమిషను పెట్టుకున్న సాయబు కూడా లేడు. సూది కింద గుడ్డ అట్లాగే ఉంది. భయం కంటే ముందు ఏడుపు తన్నుకొచ్చింది. ప్రభువు తాగుబోతును తీసుకుపోయాడు, సాయబును తీసుకుపోయాడు, ఒక్క మలీద ముద్దకు నన్నొక్కదాన్నే వదిలేశాడా?

పుస్తకాల సంచి పారేసి షెడ్డు వైపు పరుగెత్తాను. షెడ్డు వెనక గదిలోనే పాస్టరయ్య ఉండేవాడు. ఆయన లుంగీ, బనీను మీద బండ దగ్గర కూర్చుని ఆదివారం తొడుక్కునే తెల్ల అంగీని సబ్బుతో రుద్దుతున్నాడు. ఆయన్ను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే జాలేసింది.

“అయ్యగారూ, మీరు సుత మిగిలిపోయిండ్రా?” అన్నాను.

“ఏంటమ్మా? ఎందుకలా రొప్పుతున్నావు?”

“బూర మోగింది. మా అమ్మ లేదు, బాపు లేడు, చెప్పులు ఇంటికాడనే ఉన్నయి. వాడల ఎవలూ లేరు. అందరు పోయిండ్రు.”

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. తలెత్తి చెవి ఒగ్గాడు. ఎప్పుడూ ఆగని మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. ఆయన తడి చేతులతోనే లేచి దారి మీదికి వచ్చి అటూ ఇటూ చూశాడు. మనిషి లేడు. ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను. అంతమందికి ఆకాశం చూపించిన మనిషి, ఆ కాసేపు నాకంటే ఎక్కువ భయపడ్డాడు. నా చెయ్యి ఆయనే పట్టుకున్నాడు.

అప్పుడు మలుపులోంచి ఒక ట్రాలీ ఆటో వచ్చింది. వెనక వాడంతా నడిచి వస్తోంది. ఆసామి ఉన్నాడు, సాయబు ఉన్నాడు. అమ్మ చెప్పులు లేని కాళ్లతో పరుగులాంటి నడక నడుస్తోంది. ట్రాలీలో బాపు ఒళ్లో అవ్వ తల. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయిన అవ్వ అక్కడే కూలిపోయిందట. కబురు తెలిసిన వాళ్లు తెలిసినట్టే మగ్గాలు ఆపి పరుగెత్తారు. దవాఖానాకు తీసుకుపోయేసరికే ప్రాణం పోయింది.

అందరూ కనిపించినందుకు నాకు కలిగిన సంతోషం, అవ్వ కళ్లు మూసుకుని ఉండడం చూశాక కూడా కొంతసేపు పోలేదు. రెండూ ఒకేసారి ఎట్లా ఉంటాయో నాకు తెలియలేదు.

మరునాడు పొద్దునకే రుద్రంగి నుంచి మేనత్త వచ్చింది. కులపెద్దలు వచ్చి ఇంటి ముందు కూర్చున్నారు. పాడె కట్టడం అయింది. కుండలో నిప్పు తయారైంది. పెద్దాయన ఒకరు బాపును పిలిచి, “తానం చేసి రా. కుండ పట్టాలె,” అన్నాడు.

బాపు కదల్లేదు. “నేను పట్ట. నా దేవుడు ఒప్పడు,” అన్నాడు. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

“ఒక్కగానొక్క కొడుకువు ఉండంగ ఇంకెవలు పడ్తరు రా?”

బాపు దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డ పాస్టరయ్య వైపు చూశాడు. ముందురోజు భయంతో నా చెయ్యి పట్టుకున్న మనిషే ఆయన. ఏమైనా అంటాడేమోనని నేనూ చూశాను. ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా, “నిప్పు పట్టుకుంటే ఇన్నాళ్ల నీ సాక్ష్యం పోతుంది బ్రదర్,” అన్నాడు. ఆ మాట చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఒకాయన బాపు అంగీ పట్టుకున్నాడు. ఇంకొకాయన బూతు తిట్టాడు. అవ్వ పక్కన కూర్చున్న మేనత్త లేచి నిలబడింది. కొంగు నడుముకు బిగించింది.

“ఇడిచిపెట్టుండ్రి ఆయినను,” అంది. “అన్నా, నువ్వు పట్టకు. నేను పడ్త. నన్ను సుత గా కడుపే కన్నది.”

ఆడమనిషి కుండ పట్టడమేమిటని గొణిగారు. “మరి మీరెవలన్న అచ్చి పట్టుండ్రి, మీ తల్లి అనుకొని,” అంది మేనత్త. ఎవరూ లేవలేదు. ఆమె కుండ ఎత్తుకుని ముందు నడిచింది. ఆమె కోసమని అమ్మ కూడా నడిచింది. ఆ గడబిడలో నన్ను ఎవరూ ఆపలేదు. బాపు అందరికంటే వెనక, ఒక్కడే, వేరే పని మీద పోతున్నవాడిలా నడిచాడు.

సగం దారిలో దింపుడు కల్లం. పాడెను నేల మీద దించి, పోయిన మనిషి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలన్నా ఉంటే పలుకుతుందేమోనని. మేనత్త చేతిలో కుండ ఉంది. కొడుకు రాడు. పెద్దాయన తనే వంగబోతున్నాడు. అంతలో వెనక నుంచి జనాన్ని తోసుకుంటూ బాపు వచ్చాడు. మోకాళ్ల మీద పడి, అవ్వ చెవికి నోరు ఆనించాడు. ఏదో అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి అన్నాక లేవలేకపోయాడు. అమ్మ పోయి రెక్క పట్టి లేపింది. అటుపైన బాపు ముందుకు రాలేదు. దూరం నుంచి పొగ చూసి ఇంటికి వచ్చాడు.

ఆ మూడుసార్ల మాట మీద తర్వాత పెద్ద పంచాయితీ నడిచింది. సంఘం పెద్దలు బాపును ముందు కూర్చోబెట్టి, చెవిలో ఏమన్నావని అడిగారు. ప్రార్థన చేసి ఉంటే తప్పు లేదట. చనిపోయినవాళ్లను పిలిచి ఉంటే మాత్రం అది అన్యాచారమట. “నా తల్లికి నేను చెప్పుకున్న మాట అది,” అన్నాడు బాపు. అంతకుమించి చెప్పలేదు. కొన్నాళ్లు ఆయన్ను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు రానివ్వలేదు, వెనక కూర్చోబెట్టారు. ఇటు కులంవాళ్లు మమ్మల్ని పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. మేనత్త రాకపోకలు ఆగిపోయాయి. మా ఇంట్లో మగ్గాల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం నేను వెనక పంచలో అవ్వ మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. బాపు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“బిడ్డా, ఒక ముచ్చట అడుగుత, నిజం చెప్పాలె,” అన్నాడు. “నువ్వు ఎప్పుడు అవ్వ కాన్నే ఉంటుంటివి గద. ఎన్నడన్న… ఒక్కసారన్న… యేసయ్య పేరు పలికిందా?”

ఆయన ఎందుకు అడుగుతున్నాడో పదేళ్లదాన్ని, నాకూ తెలుసు. నమ్మనివాళ్లు ఎక్కడికి పోతారో ఆ షెడ్డులో అందరం విన్నదే. ఆయన కళ్ల కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి. అన్ని రోజులూ ఆయన తన తల్లిని ఆ మంటల్లో చూస్తూ బతుకుతున్నాడు.

“పలికింది బాపూ,” అన్నాను. “రోజు పలికేది.”

“ఏమని?”

“పొద్దుగాల మంచం మీదికెల్లి లేవంగ మోకాళ్లు నొచ్చేటియి గద. అప్పుడు అనేది, ‘ఓ ఎములాడ రాజన్నా, ఓ నా కొడుకు యేసయ్యా, ఎవలు ఖాళీగుంటే వాళ్లు రాండ్రి, నన్ను లేపుండ్రి’ అని.”

బాపు నా వైపు చూశాడు. ముఖం ముడుచుకుంది. ముందు కోపమనుకున్నాను. తర్వాత ఆయన భుజాలు ఊగాయి. నవ్వాడు. భివండి నుంచి వచ్చాక అదే మొదటిసారి. నోరంతా తెరిచి, కళ్లు తుడుచుకుంటూ, మంచం పట్టె పట్టుకుని నవ్వాడు. “ఎవలు ఖాళీగుంటే వాళ్లు,” అని మళ్లీ మళ్లీ అనుకున్నాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియలేదు. అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు.

బాపు విశ్వాసం విడవలేదు. చివరిదాకా ఆదివారం తప్పలేదు. కానీ ప్రసంగంలో నరకం మాట మొదలైతే లేచి బయటికి పోయేవాడు. గుమ్మం ముందు చిందరవందరగా పడి ఉన్న అందరి చెప్పులనూ జతలు జతలుగా సర్దుతూ, మాట మారేదాకా అక్కడే ఉండేవాడు. కొత్త పాస్టర్లు వచ్చారు, పోయారు. ఆయన అలవాటు మాత్రం మారలేదు. అమ్మకు బొట్టు పెట్టుకోమని ఆయన చెప్పలేదు, అమ్మా అడగలేదు. మా వాడ కూడా మెల్లగా మాయమైంది. మగ్గాలు ఇనుము కింద తూకానికి పోయాయి. రేకుల షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. నేను పెళ్లయి కోరుట్లకు వచ్చాను. చాలా ఏళ్లదాకా ఇంట్లో ఎవరూ పలకకపోతే ముందు గడప దగ్గర చెప్పులు చూసుకునేదాన్ని. మా పిల్లలు నవ్వేవాళ్లు.

బాపు పోయాక అమ్మ నా దగ్గరే కొన్నాళ్లు ఉంది. ఒకరోజు చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంటే ఉన్నట్టుండి అడిగాను. “దింపుడు కల్లం కాడ అవ్వ చెవుల బాపు ఏమన్నడే? నువ్వు దగ్గరున్నవు గద.”

అమ్మ చెయ్యి ఆగింది. ఇన్నేళ్లూ నన్ను ఎవరూ అడగలేదేమిటన్నట్టు చూసింది.

“‘లే అవ్వా, ఇంటికి పోదాం’ అన్నడు. మూడుసార్లు గదే.”

“ఏ ఇంటికి? పరలోకానికా?”

అమ్మకు కోపమొచ్చింది. “పరలోకమేందే, నీ తలకాయ! మనింటికి,” అంది.